బిల్లు ఎవరిది?

మన హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల మీద కథలొచ్చాయి, సినిమాలొచ్చాయి. అమ్మేవాళ్ల ఊసు ఎవరూ పెద్దగా ఎత్తలేదు. ఇక ఆ అమ్మకానికి బిల్లు వేసే మనుషులంటూ ఉంటారన్న సంగతే చాలామందికి తట్టదు. నేను ఆ మూడో రకం మనిషిని. హనుమకొండలో బీకాం చదివి, 1990ల మధ్యలో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్లో ఒక డీలరు కొట్టులో బిల్లింగ్ కౌంటర్ దగ్గర కూర్చున్నాను. ఇప్పుడు గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి క్లౌడ్ మార్కెట్‌ప్లేస్ అమ్మకాల లెక్కలు చూస్తున్నాను. మధ్యలో కుర్చీలు మారాయి, పన్నులు మారాయి, అమ్మే తీరు మారింది. పని మాత్రం అదే: కంటికి కనిపించని సరుకుకి కాగితం పుట్టించడం.

ఈ వ్యాపారం చరిత్రని ఇంజనీర్లు చెబితే ఆవిష్కరణల వరుసలా ఉంటుంది. సేల్స్‌వాళ్లు చెబితే టార్గెట్ల కథలా ఉంటుంది. బిల్లు వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. సాఫ్ట్‌వేర్‌కి మొదట్లో సొంత బిల్లు లేదు, యంత్రం బిల్లులోనే కలిసి ఉండేది. పోట్లాడి వేరుపడింది. నలభై ఏళ్లకు పైగా సొంత బిల్లు మీద బతికింది. ఆ తర్వాత, ఎవరూ మెడపట్టి నెట్టకుండానే, మళ్లీ వెళ్లి యంత్రం బిల్లులో చేరింది. ఎందుకు వెళ్లింది, వెళ్లి ఏం బావుకుంది అన్నది నాలాంటి బిల్లుల మనిషి చెప్పాల్సిన చరిత్రే.

అద్దెలో కలిసిపోయిన రోజులు

1950లలో, 60లలో అమెరికాలో కంప్యూటర్ అంటే చాలావరకు ఐబీఎం. ఎక్కువ సంస్థలు యంత్రాన్ని కొనేవి కావు, నెల అద్దెకు తెచ్చుకునేవి. ప్రోగ్రాములు, శిక్షణ, వచ్చి సరిచేసి వెళ్లే ఇంజనీర్లు, అన్నీ ఆ అద్దెలోనే. 1955లో ఐబీఎం యంత్రాలు వాడేవాళ్లు 'షేర్' అని ఒక సంఘం పెట్టుకుని, తాము రాసుకున్న ప్రోగ్రాములను ఒకరికొకరు ఊరికే ఇచ్చుకునేవారు. దానికి ధర కట్టాలన్న ఊహే అప్పటికి బలపడలేదు.

ఆ ఊహకు కాళ్లొచ్చిన చోటు న్యూజెర్సీ రాష్ట్రంలోని అప్లయిడ్ డేటా రీసెర్చ్ అనే చిన్న కంపెనీ. అక్కడ మార్టిన్ గెట్జ్ అనే ఆయన ఉండేవాడు. కంప్యూటర్లు తయారుచేసే ఆర్‌సీఏ కంపెనీ, ప్రోగ్రాముకి ఫ్లోచార్టు దానంతటదే గీసే సాధనం ఒకటి కావాలని 1964లో వీళ్లని అడిగింది. వీళ్లు రాసి పెట్టారు, ఆర్‌సీఏ కొనలేదు. చేతిలో మిగిలిపోయిన ఆ సరుకుకి 'ఆటోఫ్లో' అని పేరుపెట్టి, ఆర్‌సీఏ యంత్రాలు వాడేవాళ్లకే నేరుగా అమ్మడానికి బయల్దేరారు. కొన్నది ఇద్దరు. అయినా వదల్లేదు. అంతకన్నా ఎంతో ఎక్కువమంది దగ్గరున్న ఐబీఎం 1401 కోసం దాన్ని తిరగరాశారు. అక్కడ ఎదురైంది అసలు ఇబ్బంది. అలాంటి పని చేసే ప్రోగ్రామునే ఐబీఎం తన ఖాతాదారులకు ఉచితంగా ఇచ్చేది. ఊరికే వస్తున్నదానికి డబ్బెందుకు పెట్టాలని కొనేవాళ్లు అడిగితే ఏం చెబుతాం?

గెట్జ్ ఊరుకునే రకం కాదు. డేటాను వరుసలో పేర్చే ఒక పద్ధతికి 1968 ఏప్రిల్‌లో పేటెంట్ సంపాదించాడు. సాఫ్ట్‌వేర్‌కి దక్కిన మొదటి పేటెంట్‌గా దాన్నే చెబుతారు. మర్నాటి ఏడు ఆ కంపెనీ ఐబీఎం మీద కోర్టుకెక్కింది. అంతకుముందే, 1969 జనవరిలో, అమెరికా న్యాయశాఖ కూడా ఐబీఎం మీద గుత్తాధిపత్యం కేసు వేసింది. ఈ ఒత్తిళ్ల నడుమ 1969 జూన్ 23న ఐబీఎం ఒక ప్రకటన చేసింది. ఇక మీదట కొన్ని ప్రోగ్రాములకు, శిక్షణకు, ఇంజనీర్ల సేవలకు వేరే ధర ఉంటుందని దాని సారాంశం. ముందుగా ధర పెట్టి అమ్మినవి 17 ప్రోగ్రాములు. ఇన్ని విడదీశాక యంత్రం ధర బాగా తగ్గుతుందనుకున్న ఖాతాదారులకు ఐబీఎం తగ్గించింది 3 శాతం. ఈ 3 శాతాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆ రోజు ప్రకటన వల్లే సాఫ్ట్‌వేర్‌కి సొంత బిల్లు వచ్చిందంటారు. నాకు మాత్రం అంతకన్నా రెండేళ్ల ముందు ఇండియానాపొలిస్‌లో జరిగిన పని కూడా అంతే ముఖ్యమనిపిస్తుంది. లారీ వెల్క్ అనే ఆయన 1967లో అమ్మకానికున్న ప్రోగ్రాముల పేర్లు, అవి చేసే పని, నడిచే యంత్రం వివరాలు పోగుచేసి మూడు నెలలకోసారి వచ్చే జాబితా ఒకటి అచ్చువేయడం మొదలుపెట్టాడు. ఇంటర్నేషనల్ కంప్యూటర్ ప్రోగ్రామ్స్ అన్నది ఆయన కంపెనీ పేరు. ఇన్ఫర్మాటిక్స్ కంపెనీ 30,000 డాలర్లకు అమ్మిన 'మార్క్ ఫోర్' లాంటి ప్రోగ్రాములు వస్తున్న కాలం అది. ఏ ఊళ్లో ఎవరి దగ్గర ఏముందో తెలియని రోజుల్లో కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య ఆ పుస్తకం ఒక్కటే దారి. ఈ రోజు తెరమీద చూసే మార్కెట్‌ప్లేస్‌కి అదే పెద్దమ్మ. కాకపోతే వెల్క్ పేర్లు మాత్రమే అచ్చేశాడు. బిల్లు ఎవరిది వాళ్లే వేసుకున్నారు.

పార్క్‌లేన్ కౌంటర్

నేను పనిలో చేరేనాటికి సాఫ్ట్‌వేర్‌కి ఒళ్లొచ్చింది. అట్ట డబ్బా, లోపల ఫ్లాపీలు, తర్వాత తర్వాత సీడీ, లావుపాటి పుస్తకం, లైసెన్సు కాగితం, పేరూ చిరునామా రాసి పోస్టులో వేయాల్సిన రిజిస్ట్రేషన్ కార్డు. కొన్నింటికి డాంగిల్ కూడా. సీపీయూ వెనక ప్రింటరు తీగ పెట్టేచోట దాన్ని బిగించి, దాని వెనక ప్రింటరు తీగ తగిలించాలి. అది లేకపోతే ప్రోగ్రాము నడవదు. భారతీయ భాషల డీటీపీకి వాడే పుణె వాళ్ల శ్రీలిపికి అలాంటి డాంగిలే ఉండేది. డీటీపీ సెంటర్ల వాళ్లు రాత్రి షాపు మూసేటప్పుడు కంప్యూటర్‌ని వదిలేసి డాంగిల్‌ని మాత్రం జేబులో వేసుకుని ఇంటికి పోయేవాళ్లు. విలువ ఎక్కడుందో వాళ్లకి మాకన్నా బాగా తెలుసు.

నా పని బిల్లు పుస్తకం. మూడు కాపీలు, మధ్యలో కార్బన్ పేపర్లు. పైన మా అమ్మకం పన్ను నంబర్లు: రాష్ట్రానికి ఏపీజీఎస్టీ, రాష్ట్రం దాటిన అమ్మకానికి సీఎస్టీ. వేరే రాష్ట్రం కంపెనీకి తక్కువ పన్నుకి అమ్మితే, అందుకు వాళ్లు ఇవ్వాల్సిన 'సి' ఫారం కోసం నెలల తరబడి ఫోన్లు. డబ్బా మీద సీరియల్ నంబరు బిల్లులో తప్పు పడిందంటే తర్వాత అప్‌గ్రేడ్ రాదు. అందుకని అంకెల్ని రెండుసార్లు పైకి చదువుకుంటూ రాసేదాన్ని.

అబిడ్స్ నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు, చార్టర్డ్ అకౌంటెంటు. అకౌంట్స్ ప్యాకేజీ కొనడానికి వచ్చి డబ్బా విప్పించి చూసి, "ఏమమ్మా, ఫ్లాపీలు నాలుగు, పుస్తకం ఒకటి. వీటి ఖరీదు నేను లెక్కేయగలను. తక్కినదంతా దేనికి?" అన్నారు.

"లైసెన్సుకి సార్."

"ఏదీ, చూపించు." కాగితం తీసిచ్చాను. అటూ ఇటూ తిప్పి, "దీని మీద సంతకం ఎవరిదీ లేదేం?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. మా ఓనరు నవ్వి, "సంతకం మీదే సార్, కవరు చింపారంటే పెట్టినట్టే," అన్నాడు. ఆయన కాసేపు ఆలోచించి చెక్కు రాసిచ్చారు. ఆ రోజుల్లో అలా డబ్బిచ్చి కొని కవరు చింపేవాళ్లే నూటికి ఒకరు. మిగతావాళ్లకి అదే వీధిలో కాపీ సీడీలు దొరికేవి. కాపీరైట్ చట్టం 1984లో ప్రోగ్రాములను లెక్కలోకి తీసుకుంది. 1994లో సవరించి, 1995 మే నుంచి అమల్లోకి తెచ్చాక, తెలిసి దొంగ కాపీ వాడినా 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా అని రాశారు. ఆ మాటను మా ఓనరు ఒక కాగితం మీద టైపు చేయించి కౌంటరు పక్కన అతికించాడు. దాన్ని చూసి ఎవరైనా కొన్నారో లేదో చెప్పలేను గానీ, బేరమాడేవాళ్లు మాత్రం కాసేపు ఆగి చదివేవారు.

ఆ కౌంటర్లో నేర్చుకున్నది ఒకటుంది. బిల్లు ఎవరు వేస్తారో ఖాతాదారు వాళ్లకే ఫోన్ చేస్తాడు. ప్రోగ్రాము రాసింది బెంగళూరులోనో బోస్టన్‌లోనో. ఫోను మోగేది మా దగ్గర. మర్నాటి ఏడు కొత్త వెర్షన్ వస్తే ఎవరెవరికి అమ్మాలో తెలిసింది కూడా మాకే, ఎందుకంటే చిరునామాలున్న బిల్లు పుస్తకం మాది. పోస్టులో వేయాల్సిన రిజిస్ట్రేషన్ కార్డులు చాలామంది డబ్బాలోనే వదిలేసేవారు.

సరుకా, సేవా?

అబిడ్స్ పెద్దాయన అడిగిన ప్రశ్ననే పన్నుల శాఖ కూడా అడిగింది, కాకపోతే తలకిందులుగా. ఆయన 'ఫ్లాపీ కాక తక్కినది ఏమిటి' అన్నారు. శాఖవారు 'తక్కినది కూడా సరుకే, మొత్తానికి అమ్మకం పన్ను కట్టు' అన్నారు. దేశమంతటికీ దారి చూపిన ఆ కేసు మన రాష్ట్రానిదే: టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్య.

టీసీఎస్ అప్పట్లో ఖాతాదారు కోసం ప్రత్యేకంగా రాసిచ్చే ప్రోగ్రాములతో పాటు ఒరాకిల్, లోటస్, యూనిగ్రాఫిక్స్ లాంటి తయారు ప్యాకేజీలను కూడా అమ్మేది. ఈ తయారు ప్యాకేజీలు 1957 నాటి ఆంధ్రప్రదేశ్ జనరల్ సేల్స్ టాక్స్ చట్టం ప్రకారం 'గూడ్స్' అవుతాయా కావా అన్నది తగాదా. మేధస్సు ఫలితాన్ని సరుకు అనడం కుదరదని కంపెనీ వాదన. ట్రిబ్యునల్‌లోనూ, 1996 డిసెంబరులో హైకోర్టులోనూ కంపెనీ ఓడింది. 2004 నవంబర్ 5న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా ప్రభుత్వం పక్షాన్నే తీర్పిచ్చింది. పుస్తకంలో రచయిత ఆలోచన ఉన్నట్టే సీడీలో ప్రోగ్రాము ఉంటుంది. దాన్ని ఒకసారి మాధ్యమం మీదికి ఎక్కించి బజారులో పెట్టాక, కొనడానికి, అమ్మడానికి, దాచుకోవడానికి, చేతులు మార్చడానికి వీలున్నప్పుడు అది సరుకే అని తేల్చింది.

మా కొట్టులో ఈ తీర్పు వల్ల కొత్తగా మారిందేమీ లేదు. మేం ముందునుంచీ పన్ను వేస్తూనే ఉన్నాం. నాకు నచ్చిన సంగతి వేరే. సీడీ అనే ఒంటిని చూసి కోర్టు సాఫ్ట్‌వేర్‌ని సరుకు అంటున్న వేళకే ఆ ఒళ్లు కరిగిపోవడం మొదలైంది. పెద్ద కంపెనీలకు డబ్బాలు పోయి, వంద మందికి ఒకే లైసెన్సు పత్రం, ఒక తాళం నంబరు వచ్చాయి. తర్వాత ఆ పత్రం కూడా పోయి ఈమెయిల్ మిగిలింది. 2008 మేలో సాఫ్ట్‌వేర్ సేవ మీద సర్వీసు పన్ను వచ్చి చేరింది. ఒకే లైసెన్సుకి, అమ్మకం పన్ను స్థానంలో వచ్చిన వ్యాట్, సర్వీసు పన్ను రెండూ వేసిన బిల్లులు నా చేతుల మీదుగా వెళ్లాయి. ఖాతాదారులు తిట్టేవాళ్లు, ఆడిటర్లు తల పట్టుకునేవాళ్లు. సరుకా సేవా అన్న ఆ రభస చాలావరకు 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక గానీ సద్దుమణగలేదు.

ఈలోగా అమెరికాలో ఇంకో దారి పడింది. 1999లో మార్క్ బెనియాఫ్ తోటివాళ్లతో కలిసి పెట్టిన సేల్స్‌ఫోర్స్, ప్రోగ్రామును ఖాతాదారు యంత్రంలో పెట్టకుండా తన దగ్గరే ఉంచుకుని నెలకింత అని అద్దె తీసుకుంది. 2006లో తన ఖాతాదారులకు ఇతరులు రాసిన ప్రోగ్రాములు అందించే 'యాప్‌ఎక్స్ఛేంజ్' తెరిచింది. 2008 జూలైలో యాపిల్ దాదాపు 500 ప్రోగ్రాములతో ఫోన్ల కోసం యాప్ స్టోర్ పెట్టి, ప్రతి అమ్మకంలో 30 శాతం తీసుకుంది. వెల్క్ జాబితాకి గల్లాపెట్టె తోడైంది. అయితే నా లెక్కల ప్రపంచాన్ని తలకిందులు చేసింది ఈ రెండూ కావు.

మళ్లీ యంత్రం బిల్లులోకి

2006 ఆగస్టులో అమెజాన్ వెబ్ సర్వీసెస్ (ఏడబ్ల్యూఎస్) 'ఈసీ2' పేరుతో కంప్యూటర్లను గంటకు 10 సెంట్ల చొప్పున అద్దెకివ్వడం మొదలుపెట్టింది. యంత్రం మళ్లీ అద్దెకొచ్చింది, ఐబీఎం రోజుల్లోలాగే. నెల అద్దె కాస్తా గంట అద్దె అయింది. యంత్రాన్ని మూడు గంటలు వాడి వదిలేసేవాడికి సాఫ్ట్‌వేర్ మాత్రం ఏడాది లైసెన్సు ఎలా అమ్ముతాం? 2007 చివర్లో అమెజాన్ 'డెవ్‌పే' అనే ఏర్పాటు తెచ్చింది. యంత్రం గంట రేటు మీద ప్రోగ్రాము రాసినవాళ్లు తమ గంట రేటు కలిపి వసూలు చేసుకోవచ్చు. అది పెద్దగా పాకలేదు గానీ ఆలోచన నిలిచింది.

2012 ఏప్రిల్ 19న ఏడబ్ల్యూఎస్ మార్కెట్‌ప్లేస్ తెరిచారు. మొదటి రోజు అరల్లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం, ఎస్ఏపీ, చెక్ పాయింట్, కెనానికల్ లాంటి పేర్లున్నాయి. జాబితాలో ఒకదాన్ని ఎంచుకుని బొత్తాం నొక్కితే ఆ ప్రోగ్రాము ఎక్కించిన యంత్రం అప్పటికప్పుడు లేచి నడుస్తుంది. దాని ధర నెలాఖరున యంత్రం అద్దె వచ్చే బిల్లులోనే ఒక వరుసగా వస్తుంది. 1969లో ఐబీఎం విడదీసిన రెండింటినీ 43 ఏళ్ల తర్వాత ఒకే బిల్లులో చూశాం. ఆ జాబితాలో ఐబీఎం కూడా అమ్మకందారుగా ఉండటం చరిత్ర ఆడిన పరాచికం.

మొదటి ఏళ్లలో అది చిల్లర కొట్టే. కొన్ని ఫైర్‌వాల్‌లు, డేటాబేస్‌లు గంటల లెక్కన పోయేవి. పెద్ద ఒప్పందాలు పాత పద్ధతిలోనే జరిగేవి. 2016 చివర్లో సేవగా అందే సాఫ్ట్‌వేర్‌ను కూడా అక్కడ పెట్టనిచ్చారు. 2017లో ఏడాది, మూడేళ్ల కాంట్రాక్టులకు దారి ఇచ్చారు. అదే కాలంలో 'ప్రైవేట్ ఆఫర్' వచ్చింది. అంటే బేరం బయట కుదుర్చుకుంటారు. కుదిరిన ధర, వాయిదాలు, షరతులు ఆ ఒక్క ఖాతాదారుకే కనిపించేలా మార్కెట్‌ప్లేస్‌లో పెడతారు. అతను ఒప్పుకున్నాడంటే అమ్మకం అయిపోయినట్టే.

మార్కెట్‌ప్లేస్ అనగానే జనం అరలు వెతికి కొనుక్కుంటారని అనుకుంటాం. నేను చూస్తున్న పెద్ద అమ్మకాల్లో అలా జరిగేది తక్కువ. సేల్స్ కుర్రాళ్లు నెలల తరబడి తిరిగి, డెమోలు ఇచ్చి, ధర తెగ్గొట్టించుకుని, అంతా అయ్యాక కాగితం కోసం మాత్రం అక్కడికి వస్తారు. పేరు అంగడి, పని బిల్లింగ్ కౌంటరు. అందుకే నా ఉద్యోగం అక్కడ తేలింది.

కాగితం కోసం అంత దూరం ఎందుకు పోవడం? రెండు కారణాలు. ఒకటి, పెద్ద కంపెనీల్లో కొత్త అమ్మకందారుని పుస్తకాల్లోకి ఎక్కించుకోవాలంటే ప్రాణం పోతుంది. దరఖాస్తులు, బ్యాంకు వివరాలు, పన్ను ఫారాలు, భద్రత మీద వందల ప్రశ్నలు, లాయర్ల రాకపోకలు. అమెజాన్‌లా యంత్రాలు అద్దెకిచ్చే క్లౌడ్ కంపెనీ అప్పటికే వాళ్ల పుస్తకాల్లో ఉంటుంది. దాని ద్వారా కొంటే ఆ తతంగంలో సగం తప్పుతుంది. రెండోది అసలు కారణం. పెద్ద కంపెనీలు రాయితీ కోసం 'మూడేళ్లలో ఇంత ఖర్చు పెడతాం' అని క్లౌడ్ కంపెనీకి ముందే మాటిస్తాయి. మార్కెట్‌ప్లేస్‌లో కొన్న సాఫ్ట్‌వేర్‌ని కూడా ఒక పరిమితి దాకా ఆ లెక్కలో జమ చేస్తారు. పెళ్లికి ఫంక్షన్ హాలువాళ్లతో ఇంత బిల్లు చేస్తామని ఒప్పుకున్నాక, పూల అలంకరణ కూడా వాళ్ల బిల్లులోనే వేయించుకుంటే చెల్లు అవుతుంది కదా, అలాగన్నమాట. ఏడాది చివర ఖర్చు కాని డబ్బు మిగిలిన కంపెనీ, మేం ఎంత బతిమాలినా కదలని కంపెనీ, తనే ఫోన్ చేసి 'మార్కెట్‌ప్లేస్‌లో ఆఫర్ పెట్టండి' అంటుంది.

మైక్రోసాఫ్ట్, గూగుల్ వెనకబడి ఏం లేవు. గూగుల్ 2015లో తెరిచిన 'క్లౌడ్ లాంచర్'కు 2018లో మార్కెట్‌ప్లేస్ అని పేరు మార్చింది. మైక్రోసాఫ్ట్ అజూర్ మార్కెట్‌ప్లేస్ ప్రతి అమ్మకంలో 20 శాతం తీసుకునేది, 2021 జూలైలో దాన్ని 3 శాతానికి దించింది. గూగుల్ కూడా అదే ఏడు దించింది. 2024 జనవరి నుంచి ఏడబ్ల్యూఎస్ కూడా చాలా రకాల సాఫ్ట్‌వేర్ సేవలకు 3 శాతమే అంది. ప్రైవేట్ ఆఫర్ 10 లక్షల డాలర్లు దాటితే 2, కోటి డాలర్లు దాటితే 1.5 శాతం. విడదీసినందుకు ఐబీఎం తగ్గించింది 3 శాతం, తిరిగి కలిపినందుకు వీళ్లు తీసుకునేది 3 శాతం. కాకతాళీయమే. అయినా లెక్కల మనిషికి నవ్వొచ్చే కాకతాళీయం. ఇంత తక్కువకి ఎందుకు చేస్తున్నారంటే, ఆ 3 శాతం వాళ్లకి ఆదాయం కాదు. ఖాతాదారు ఖర్చంతా తమ బిల్లు దాటి బయటికి పోకుండా వేసిన కంచె ఖర్చు.

ఇప్పటి కౌంటరు

మార్కెట్‌ప్లేస్ పద్ధతి మా కంపెనీలోకి వచ్చినప్పుడు, నా పక్క సీటు కుర్రాడు, "ఇక ఇన్‌వాయిస్ మనం వెయ్యక్కర్లేదు అక్కా," అన్నాడు సంబరంగా. ఇన్‌వాయిస్ వెయ్యక్కర్లేని మాట నిజమే. పని తగ్గలేదు. ఆఫర్‌కి కొనేవాళ్ల 12 అంకెల ఏడబ్ల్యూఎస్ అకౌంట్ నంబరు కావాలి. అందులో ఒక్క అంకె తప్పయితే ఆఫర్ వాళ్లకి కనిపించదు, గడువు మాత్రం నడుస్తూ ఉంటుంది. వాయిదా తేదీలు కొనుగోలుదారు బడ్జెట్ నెలలతో కలవాలి. వాడకాన్ని బట్టి ధర ఉంటే మన ప్రోగ్రాము గంట గంటకీ ఎంత వాడారో క్లౌడ్ కంపెనీకి లెక్క పంపాలి. బాగా ఆలస్యమైన లెక్కను అది పుచ్చుకోదు, ఆ డబ్బు పోయినట్టే. కొనుగోలుదారు క్లౌడ్ కంపెనీకి కట్టాక, వాళ్లు తమ శాతం పట్టుకుని మిగతాది మనకి పంపుతారు. వచ్చిన మొత్తం ఏ ఆఫర్‌లో ఏ వాయిదాకో రిపోర్టులు పక్కపక్కన పెట్టి సరిచూసుకోవాలి. పార్క్‌లేన్‌లో అంకెలు పైకి చదువుకున్న అలవాటు ఇక్కడ బాగా పనికొస్తోంది. ఈ చాకిరీ చేసిపెట్టడమే వ్యాపారంగా కంపెనీలు కూడా పుట్టాయి. 2016లో ఐడహో రాష్ట్రంలోని బాయిసీలో మొదలైన ట్యాకిల్ వాటిలో పేరున్నది.

కొనేవాళ్ల వైపు కూడా ఒక గుమాస్తా కూర్చున్నాడు. 2018లో ఏడబ్ల్యూఎస్ తెచ్చిన 'ప్రైవేట్ మార్కెట్‌ప్లేస్'తో ఏ కంపెనీకి ఆ కంపెనీ, తన ఉద్యోగులకు ఏ ప్రోగ్రాములు కనిపించాలో ముందే వడకట్టుకోవచ్చు. వేలాది పేర్ల జాబితా ఇంజనీరు తెర దగ్గరికి వచ్చేసరికి కొన్ని పదులకు దిగుతుంది. ఆ పదుల్లో మన పేరు ఉండేలా చూసుకోవడం ఇప్పుడు అమ్మకంలో ఒక భాగం.

డీలరు మాయమవుతాడని అప్పట్లో చాలామంది అన్నారు. మాయం కాలేదు. 2018 చివర్లో ఏడబ్ల్యూఎస్, అమ్మకందారు తరఫున మధ్యవర్తులు కూడా ప్రైవేట్ ఆఫర్లు పెట్టే వీలు కల్పించింది. తయారీదారు మధ్యవర్తికి ఒక ధర ఇస్తాడు, మధ్యవర్తి తన లాభం కలిపి ఖాతాదారుకి ఇంకో ధర పెడతాడు. మా పార్క్‌లేన్ ఓనరు చేసిందీ అదే. తేడా ఒక్కటే. అప్పుడు బిల్లు మీద ఆయన పేరుండేది. ఇప్పుడు బిల్లు క్లౌడ్ కంపెనీది, మధ్యవర్తి అందులో ఒక వరుస.

మనవాళ్లకి ఇందులో ఇంకో మెలిక. చాలా ఏళ్లపాటు భారతదేశంలో నమోదైన కంపెనీ ఏడబ్ల్యూఎస్ మార్కెట్‌ప్లేస్‌లో నేరుగా డబ్బు తీసుకునే అమ్మకందారు కావడానికి వీల్లేకపోయింది. అర్హత ఉన్న దేశాల పట్టికలో అప్పట్లో మనది ఉండేది కాదు. అందుకని మాదాపూర్‌లో కూర్చుని రాసిన సాఫ్ట్‌వేర్ అమెరికాలోని డెలావేర్‌లో పెట్టుకున్న కంపెనీ పేరు మీద అమ్ముడయ్యేది. 2022 నవంబరులో అమెజాన్ తన భారతదేశపు రెండో క్లౌడ్ రీజియన్‌ని హైదరాబాదులోనే తెరిచింది. యంత్రాలు ఊరి పొలిమేరల్లో ఉన్నాయి, రాసేవాళ్లు ఊళ్లో ఉన్నారు. బిల్లు మాత్రం సముద్రాలు దాటి వెళ్లి వచ్చింది.

లెక్క తేలేది ఎక్కడ

ఈ ఏర్పాటు వల్ల చిన్న కంపెనీలకు మేలు జరగలేదని అనను. బ్యాంకులు, బీమా కంపెనీలు గడప తొక్కనివ్వని కుర్రాళ్లు ఈ దారిన లోపలికి వెళ్లడం చూశాను. పెద్దవాళ్లకీ లాభమే. ఏడబ్ల్యూఎస్ మార్కెట్‌ప్లేస్ ద్వారా తమ అమ్మకాలు మొత్తం 100 కోట్ల డాలర్లు దాటాయని భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ 2023లో ప్రకటించింది. 3 శాతానికి వసూళ్ల బాధ్యత ఇంకొకరు తలకెత్తుకుంటే కాదనేవాళ్లు ఎవరు?

నా అభ్యంతరం శాతం గురించి కాదు. గెట్జ్ కోర్టుకెక్కి పోరాడింది డబ్బు కోసమొక్కటే కాదు. యంత్రం అమ్మేవాడే ప్రోగ్రాము ధరను కూడా నిర్ణయిస్తే, ప్రోగ్రాము రాసేవాడికి బజారులో నిలబడే చోటు ఉండదని ఆయన వాదన. ఇప్పుడు క్లౌడ్ కంపెనీలు మన ధరలో వేలు పెట్టడం లేదు. కానీ ఎవరు కొంటున్నారు, ఎంత వాడుతున్నారు, ఏ నెలలో తగ్గించారు, ఎప్పుడు మానేశారు, ఇవన్నీ మనకన్నా ముందు వాళ్ల పుస్తకంలో పడతాయి. అలాంటి సేవలనే కొన్నిటిని వాళ్లు సొంతంగా కూడా అమ్ముతారు. ఆ సమాచారాన్ని అందుకు వాడతారని నేను అనడం లేదు. బిల్లు పుస్తకం ఎవరి చేతిలో ఉంటే ఖాతాదారు వాళ్లవాడవుతాడని మాత్రం పార్క్‌లేన్ నాటి నుంచీ చూస్తున్నాను.

అందుకే కొత్తగా కంపెనీ పెట్టిన పిల్లలు వచ్చి 'మార్కెట్‌ప్లేస్‌లో పెట్టమంటారా అక్కా' అని అడిగితే పెట్టమనే చెబుతాను. దాంతోపాటు రెండు పనులు చేయమంటాను. కొన్నవాళ్లలో రోజూ వాడే మనిషి పేరు, ఫోను నంబరు మీ దగ్గర రాసిపెట్టుకోండి, అకౌంట్ నంబరు దగ్గరే ఆగిపోవద్దు. పెద్ద ఒప్పందాలు ఎన్ని అటు పోయినా, కొంతమంది ఖాతాదారులకైనా మీ పేరున్న బిల్లే వెళ్లేలా చూసుకోండి. వసూలు ఆలస్యమవుతుంది, ఫోన్లు చేయాలి, పన్నుల తలనొప్పి మీదే. అయినా సరే. రేపు ఆ 3 శాతం ఎవరైనా పెంచితే బేరమాడటానికి మీ దగ్గర మిగిలే బలం ఆ కొద్ది బిల్లులే.